లాఠీ గారికి ఓ దండం

లాఠీ గారికి,

నమస్కారం. 'గారు' అన్నది మర్యాద కోసం కాదు, ముందుజాగ్రత్త. మీరు అందరినీ ఏకవచనంలోనే పిలుస్తారు గానీ, మీ ముందు నిలబడి ఏకవచనంలో మాట్లాడినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మన భాషలో పెద్దలకు పెట్టేదీ దండమే, చేతిలో పట్టుకునే కర్రా దండమే. తప్పు చేస్తే పడేదీ అదే. చివర సున్నా తీసేస్తే మెడలో వేసే దండ. ఇంత ఇరుకు కాపురంలో ఎవరు ఎవరికి ఏం వేస్తున్నారో తికమక పడటం సహజమే కదండీ.

"దండం దశగుణం భవేత్" అని మిమ్మల్ని పొగడటానికి మావాళ్లు ఒక ముక్క ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటారు. మా తెలుగు మాస్టారు బెత్తం ఊపుతూ అదే చెప్పేవారు. ఈ మధ్య ఆ పది గుణాలేమిటా అని వెతికాను. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీళ్లు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. ఈ పది చోట్ల చేతిలో కర్ర ఉంటే మంచిదని శ్లోకం. దారిన పోయేవాడి చేతికర్ర గురించి, అంతే. ఇందులో స్టేషన్ లేదు, అనుమానితుడు లేడు, హెల్మెట్ లేని డెలివరీ బాయ్ అసలే లేడు. శత్రువు అని ఒక్కడున్నాడు పాపం. మిగతా తొమ్మిదీ వదిలేసి, ఊళ్లో జనాన్నంతా ఆ ఒక్క మాటలోకి తోసేశాం.

మీ అభిమాన సంఘం మా ఆఫీసు పక్క ఇరానీ హోటల్లో రోజూ సాయంత్రం సమావేశమవుతుంది. గంజాయి పిల్లలా? నాలుగు తగిలిస్తే సెట్ అవుతరు. రాంగ్ రూట్ బైకులా? నాలుగు తగిలిస్తే సెట్. మూడు ఎందుకు చాలవో, ఐదు ఎందుకు ఎక్కువో ఎవరూ చెప్పరు. ఫ్లాట్ ఇస్తానని డబ్బులు తీసుకుని మా అకౌంటెంటును రెండేళ్లుగా తిప్పుతున్న బిల్డర్ సంగతి వచ్చినప్పుడు మాత్రం అందరూ గొంతు తగ్గించి, "మంచి లాయర్ ఎవరన్నా తెలుసా?" అని అడుగుతారు. అంత పై అంతస్తుకు మీరు ఎక్కలేరేమో. లిఫ్టు పడదేమో.

అన్నట్టు, మీరూ బాగా ఎదిగారు. ఒకప్పుడు వెదురు, ఇప్పుడు ఫైబరు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఉస్మానియా క్యాంపస్‌లో మీ చుట్టాలు టియర్ గ్యాస్ గోళాలు హాస్టళ్ల దాకా వచ్చినప్పుడు ఊరంతా పిల్లల వైపే నిలబడింది. ఆ ధర్నాల మీద రాష్ట్రం వచ్చింది. వచ్చాక 2014లోనే పోలీసులకు ఇన్నోవాలు వచ్చాయి, 2017లో ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్ ఎత్తేశారు. ట్రాఫిక్ తగ్గిందని మేం సంతోషించాం కూడా. మరుసటి ఏడాది హైకోర్టు చెప్పేదాకా నగరం మధ్యలో అరవడానికి చోటు లేకుండా పోయింది.

2022 ఆగస్టులో బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరుచుకుంది. అద్దాల టవర్లు. పేరులోనే కమాండూ ఉంది, కంట్రోలూ ఉంది. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చేవాడు ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఆ పేరులో లేదు. పోలీసుల 'నేను సైతం' పథకం కింద మా కాలనీలో కూడా చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించాం, నేనూ కట్టాను. దేశంలో ప్రతి పోలీస్ స్టేషన్లో, లాకప్‌తో సహా, కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. దానికి మాత్రం మా వెల్ఫేర్ అసోసియేషన్ చందా అడగలేదు. 2021లో పాతబస్తీలో బండి మీద వెళ్తున్న ఒకాయన్ని ఆపి, మాస్కు తీయమని ఫోటో తీసుకున్నారు. ముఖాలు గుర్తుపట్టే టెక్నాలజీని పోలీసులు వాడటం మీద ఆయన హైకోర్టుకెక్కాడు. మా అసోసియేషన్ గ్రూపులో దాని మీద వచ్చిన కామెంటు ఒక్కటే: "తప్పు చేయనోడికి భయమెందుకు?"

కార్డన్ సెర్చ్ అన్న మాట ఎక్కడిదో మీకు నేను చెప్పాలా? పల్లెను చుట్టుముట్టి ఇల్లిల్లూ గాలించే సైన్యం మాట అది. మన దగ్గర తెల్లారకముందే బస్తీని చుట్టుముట్టి, నిద్రమొహాలతో తలుపు తీసినవాళ్లను ఆధార్ అడిగి, ఆర్సీ చూపించలేని బైకులన్నీ వరసగా నిలబెట్టి, వాటి వెనక అధికారులు నిలబడి ఫోటో దిగుతారు. అంత పటాలం వెళ్లి పట్టుకున్నది ఎక్కువసార్లు కాగితాల్లేని స్ప్లెండర్లు. ఒక్కసారి ఏదైనా గేటెడ్ కమ్యూనిటీలో చేసి చూడండి, నాకు సరదాగా ఉంటుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను "ఏ ఫ్లాట్‌కు సార్? యాప్‌లో అప్రూవల్ రావాలె" అంటాడు. ఆపరేషన్ చబుత్రా కూడా అంతే. రాత్రిపూట అరుగు మీద కూర్చున్న కుర్రాళ్లను ఎత్తుకెళ్లి కౌన్సెలింగ్ ఇస్తారు. క్లబ్ హౌస్ మెట్ల మీద అదే వయసువాళ్లు అదే టైముకు అవే కబుర్లు చెప్పుకుంటారు. మెట్లు అరుగు కిందికి రావు కాబోలు.

ఇప్పుడు నా సంగతి. 2019 డిసెంబరు 6, శుక్రవారం. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో తెల్లవారుజామున దిశ కేసు నిందితులు నలుగురినీ కాల్చేశారని టీవీలో వచ్చింది. అంతకు తొమ్మిది రోజుల ముందు శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర ఆ అమ్మాయికి జరిగినదానికి ఏ ఇంట్లోనూ సరిగా అన్నం సయించలేదు. ఆ కోపం నిజం, అందులో నాకూ వాటా ఉంది. అక్కడ జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాకాయలు కాల్చారు. మా ఆఫీసులో మిఠాయి డబ్బా తిరిగింది. నేను రెండు మైసూర్ పాక్ ముక్కలు తీసుకున్నాను. ఎన్‌కౌంటర్ అయిన వెంటనే అందులో పాల్గొన్నవారికి ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. పూలు చల్లకూడదనీ, మైసూర్ పాక్ తినకూడదనీ చెప్పలేదు కదా!

ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. నిందితులు పిస్టళ్లు లాక్కున్నారన్న పోలీసుల కథ నమ్మేట్టు లేదనీ, చంపాలనే కాల్చారనీ, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లనీ, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలనీ అందులో ఉంది. ఆ రోజు మా ఆఫీసులో ఏ డబ్బా తిరగలేదు.

ఆ మిఠాయి తిన్న మూడున్నర నెలలకు మీ దర్శనభాగ్యం నాకు స్వయంగా కలిగింది. లాక్‌డౌన్ పెట్టిన మొదటి వారం. అమ్మకు షుగర్ మాత్రలు అయిపోతే చీటీ జేబులో పెట్టుకుని బయల్దేరాను. మెడికల్ షాపు ఇంకో ఇరవై అడుగులు ఉందనగా కుడికాలి పిక్క మీద పడింది. మొదట చప్పుడు వినపడింది, తర్వాత మంట, ఆ తర్వాత నా గొంతు. "సార్, నేను ట్యాక్స్ కడతానండీ!" ఇన్నేళ్ల చదువూ ఉద్యోగమూ కలిసి ఆ క్షణంలో నా నోట పలికించిన మాట అది. చీటీ తీసి చూపించేసరికి మీరు పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయారు. ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే మా బంధువుల గ్రూపులో అలాంటివే నాలుగు వీడియోలు, వాటికి డీజే పాటలు, కింద నవ్వే బొమ్మలు. ముందురోజు వాటిలో ఒకదానికి నేనూ నవ్వే బొమ్మ పెట్టి ఉన్నాను.

కుంటుకుంటూ వచ్చిన నన్ను చూసి అమ్మ తన చేతికర్ర నా చేతిలో పెట్టింది. "ఇదిగో, కాసేపు నువ్వు పట్టుకో." పదో గుణం అప్పుడు తెలిసింది. పిక్కకు జండూబామ్ రాస్తూ 1978 సంగతి ఎత్తింది. అప్పుడు మావాళ్లు విద్యానగర్లో అద్దెకుండేవాళ్లు. నల్లకుంట స్టేషన్లో పోలీసులు ఒకామెను చెరిచి, అడ్డం మాట్లాడిన ఆమె భర్తను కొట్టారు, అతను చనిపోయాడు. జనం ఆ శవంతో స్టేషన్ మీదికి వెళ్లారు. కాల్పులు, కర్ఫ్యూ. పాలు దొరక్క నన్ను డికాషన్‌తో పెంచిందట, అది ఆమె సొంత కల్పన కావచ్చు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు రాయచూరు కోర్టుకు మారి, అందరూ నిర్దోషులై బయటికొచ్చారు. అంతా చెప్పి అమ్మ మూత బిగిస్తూ అడిగింది: "అప్పుడు రాళ్లు పట్టుకుని పోయిన్రు. మొన్న పూలు పట్టుకుని పోయిన్రట కదా, ఆ ఊరూ ఈ ఊరూ ఒకటేనా?"

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. గత దసరా వెళ్లిన వారంలో నా ఫోన్ పోయింది. ఫిర్యాదు ఇవ్వడానికి స్టేషన్‌కు వెళ్లాను. ఏ స్టేషనో మీకు తెలుసు, ఎందుకంటే అక్కడ మూల వాటర్ క్యాన్ పక్కన గోడకానుకుని ఉన్నది మీరే. ఆయుధపూజ ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. పైనుంచి కిందికి మూడు చోట్ల పసుపు, దాని మీద కుంకుమ బొట్టు, పిడి దగ్గర వాడిన బంతిపువ్వు. బొట్టు మీకు బాగా నప్పింది.

"కూర్చోండి సార్" అన్నాడు స్టేషన్లో రాతపని చూసే రైటర్. నా చొక్కా టక్ చేసి ఉంది, మెడలో ఆఫీసు ట్యాగు. బల్ల వెనక కానిస్టేబుల్ బూట్లు విప్పి కాళ్లు చాపుకున్నాడు, చీలమండలు ఉబ్బి ఉన్నాయి. నిమజ్జనం బందోబస్తు నుంచి ఒక్క వీక్లీ ఆఫ్ కూడా దొరకలేదని ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు. మీరు ఎవరి చేతిలో ఉంటారో వాళ్ల సుఖమూ అంతంతమాత్రమే అని అప్పుడు అనిపించింది.

కింద గచ్చు మీద పద్దెనిమిదేళ్ల కుర్రాడు, తన చెప్పులు తన చేతుల్లోనే పట్టుకుని కూర్చున్నాడు. నా వైపు వంగి మెల్లగా అన్నాడు: "అంకుల్, మా అమ్మకు ఒక్క ఫోన్ చేస్తరా? నంబర్ చెప్త." తొమ్మిది, ఎనిమిది అని మొదలుపెట్టాడు కూడా.

"నా ఫోనే పోయింది బాబూ" అన్నాను. అబద్ధం కాదు కదండీ. నా జీవితంలో ఇంత వీలుగా దొరికిన నిజం ఇంకోటి లేదు.

కానిస్టేబుల్ బూట్లు వేసుకుని లేచాడు. మిమ్మల్ని చేతిలోకి తీసుకుని, కుర్రాణ్ణి లోపలికి రమ్మన్నాడు. రైటర్ నా కాగితం చూసి, "ఆధార్ జిరాక్స్ కావాలె సార్, బయట సందులో ఉంది" అన్నాడు. జిరాక్స్‌కు రెండు నిమిషాలు పట్టింది. నేను ఇరవై నిమిషాలకు వెళ్లాను. ఆ మధ్యలో రెండు చాయ్‌లు తాగాను. పోలీసుల దగ్గర ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదని తెల్లవాడు 1872లోనే సాక్ష్య చట్టంలో రాశాడు, 2024లో వచ్చిన కొత్త చట్టమూ దాన్ని అలాగే ఉంచింది. అంటే లోపల మీరు పలికించే మాట చెల్లని నోటు. ఇదంతా నాకు చాయ్ బండి దగ్గర చక్కగా గుర్తొచ్చింది, స్టేషన్ లోపల రాలేదు.

తిరిగి వెళ్లేసరికి మీరు మళ్లీ వాటర్ క్యాన్ పక్కన ఉన్నారు. పైన రెండు బొట్లు అలాగే ఉన్నాయి. కింది బొట్టు చెదిరిపోయింది. గచ్చు మీద చెప్పులు మాత్రం ఉన్నాయి, ఒకటి బోర్లా పడి.

సంక్రాంతి ముందు నా ఫోన్ దొరికింది. పోయిన ఫోన్లన్నీ బల్ల మీద పేర్చి, ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చారు. చప్పట్లు, ఫోటోలు. నా ఫోటోలో వెనక గోడకు మీరూ పడ్డారు. "థాంక్యూ పోలీస్ సార్స్" అని స్టేటస్ పెట్టాను, సాయంత్రానికి ఎనభైమంది చూశారు. ఇప్పుడు ఫోన్ ఉంది, బ్యాలెన్స్ ఉంది. ఆ కుర్రాడు చెప్పిన నంబరులో రెండంకెలే ఉన్నాయి.

ఇట్లు,
పిక్క మీద మచ్చ ఇంకా పూర్తిగా పోని
మీ అభిమాని