రాయి పోయినా బొమ్మ మిగిలింది: స్కాట్లాండ్ గతాన్ని నిలబెట్టిన పుస్తకాలు

1743లో స్కాట్లాండ్‌లోని ఫాల్కిర్క్ దగ్గర ఒక ఎస్టేటు యజమానికి మిల్లు ఆనకట్ట మరమ్మతుకు రాళ్లు కావాల్సి వచ్చాయి. ఆయన పేరు సర్ మైకేల్ బ్రూస్. రోమన్ల కాలం నాటి గుండ్రటి గోపురం లాంటి కట్టడం ఒకటి ఆయన ఎస్టేటులోనే ఉంది. చుట్టుపక్కల జనం దాన్ని ఆర్థర్ పొయ్యి అనేవారు. సున్నం లేకుండా రాతి మీద రాయి పేర్చి కట్టిన ఆ కట్టడం దాదాపు పదహారు వందల ఏళ్లు నిలిచింది. బ్రూస్ దాన్ని కూల్చి రాళ్లను ఆనకట్టకు తోలించాడు. కొన్నేళ్లకే వరద వచ్చి ఆ ఆనకట్ట కూడా కొట్టుకుపోయింది. అయినా ఆ కట్టడం ఎంత ఎత్తు ఉండేదో, పైకప్పు ఎలా వంగి ఉండేదో ఇవాళ చెప్పగలుగుతున్నాం. విలియం స్టక్లీ 1720లోను, అలెగ్జాండర్ గార్డన్ 1726లోను దాని బొమ్మలు, కొలతలు అచ్చు వేయించడమే అందుకు కారణం. 1760ల్లో పెనికుక్‌లోని క్లర్క్ కుటుంబం తమ గుర్రపుశాలల మీద దాని నమూనాను పావురాల గూడుగా కట్టించుకుంది. అది ఇప్పటికీ ఉంది.

స్కాట్లాండ్ చరిత్ర, కళ, పురావస్తు శాస్త్రాల మీద వచ్చిన పుస్తకాలను బేరీజు వేయడానికి నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. చరిత్ర పుస్తకాన్ని మనం ఎక్కువగా అందులోని వాదన కోసం చదువుతాం, సమీక్షకులు కూడా వాదన గురించే రాస్తారు. కానీ మూడు వందల ఏళ్ల స్కాటిష్ పుస్తకాలను వరసగా చూస్తే, ఆ వాదనల్లో చాలా భాగం పాతబడిపోయింది. స్టక్లీ ఆ కట్టడాన్ని స్వయంగా చూడనే లేదు, ఇంకొకరు గీసి పంపిన కొలతల మీద ఆధారపడ్డాడు. దాని గురించి ఆయన అల్లిన ఊహలను ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. కొలతలు మాత్రం అందరికీ కావాలి.

మీగల్ గ్రామంలో జరిగింది ఇంకా బాధ కలిగిస్తుంది. స్కాట్లాండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాలను ఏలిన పిక్టుల పేరు మొదటిసారి క్రీ.శ. 297లో ఒక రోమన్ ప్రశంసా ప్రసంగంలో వినిపిస్తుంది. వాళ్లు చెక్కిన రాళ్లు మీగల్‌లో ఒకేచోట పెద్ద సంఖ్యలో దొరికాయి. వాటిలో ఒక రాతి మీద గుర్రాలు లాగుతున్న రెండు చక్రాల బండి, అందులో కూర్చున్న మనుషులు ఉన్నారు. పిక్టుల శిల్పంలో చక్రాల బండి కనిపించేది అక్కడొక్కచోటే. 1869లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ రాయి నాశనమైంది. పిక్టులకు బండ్లు ఉండేవా, అవి ఎలా ఉండేవి అని అడిగితే, అంతకుముందు అచ్చయిన పుస్తకాల్లోని బొమ్మలే ఇప్పుడు సాక్ష్యం.

ఈ నష్టం ఎలాంటిదో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అమరావతి స్తూపం శిల్పాలను మొదట కాగితం మీదికి ఎక్కించిన కాలిన్ మెకంజీ స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని లూయిస్ దీవివాడు, స్టోర్నోవేలో పుట్టాడు. 1798 ప్రాంతంలో ఆయన వచ్చేటప్పటికే రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తుండగా స్తూపం దిబ్బలోని రాళ్లు నిర్మాణాలకు పోతున్నాయి. మెకంజీ 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చి గీయించిన బొమ్మలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో ఉన్న శిల్పాలు చాలావరకు ఇప్పుడు ఎక్కడా లేవు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనతో పనిచేయకపోతే మన గ్రామాల కైఫీయత్తుల్లో ఎన్ని మిగిలేవో! తర్వాత 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద పెద్ద సంపుటి తెచ్చిన జేమ్స్ బర్జెస్ కూడా స్కాట్లాండ్‌లోని డంఫ్రీస్‌షైర్‌వాడే. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే ఆయన సొంత దేశంలో కూడా అదే పని సాగుతోంది.

ఆ పనికి పునాది 1780లో ఎడిన్‌బరోలో ఏర్పడిన స్కాట్లాండ్ పురాతత్వ సంఘం. జాన్ స్టువర్ట్ 1856లోను, 1867లోను చెక్కిన రాళ్ల బొమ్మలతో రెండు భారీ సంపుటాలు తెచ్చాడు. వాటికంటే గొప్పది 1903లో వచ్చింది. జోసెఫ్ ఆండర్సన్, రోమిలీ ఆలెన్ కలిసి చేసిన ఆ గ్రంథం పేరు 'ది ఎర్లీ క్రిస్టియన్ మాన్యుమెంట్స్ ఆఫ్ స్కాట్లాండ్'. ఆండర్సన్ నేషనల్ మ్యూజియం అధిపతి. ఆలెన్ చదివింది సివిల్ ఇంజనీరింగ్, ఆ చదువు పుస్తకంలో అడుగడుగునా తెలుస్తుంది. ప్రతి రాయి కొలతలు, దొరికిన చోటు, ఏ వైపు ఏముందో పొడి మాటల్లో రాశాడు. రాళ్ల మీద చెక్కిన అల్లిక నమూనాలను ముడికి ముడి విడదీసి, ఏ ముడి ఏ రాతి మీద ఉందో పట్టికలు వేశాడు. పిక్టులకే ప్రత్యేకమైన చిహ్నాలు మాత్రమే గీసిన మొరటు రాళ్లు మొదటి తరగతి, చిహ్నాలతో పాటు శిలువ ఉబ్బెత్తుగా చెక్కినవి రెండో తరగతి, చిహ్నాలు లేనివి మూడో తరగతి అని అక్కడ చేసిన విభజనను ఇప్పటికీ వాడుతున్నారు. దాని మీద ఎన్ని అభ్యంతరాలు వచ్చినా దానికి బదులు మరొకటి కుదురుకోలేదు.

ఇలాంటి పుస్తకం పండితులకే పరిమితమని అనుకోవడం పొరపాటు. కర్కాల్డీలో చిత్రలేఖనం చెప్పే బడిపంతులు జార్జ్ బెయిన్ పిక్టుల రాళ్లనూ పాత రాతప్రతులనూ పట్టుకుని, ఆ అల్లికలను పిల్లలు కూడా గీయగలిగేలా మెట్టు మెట్టుగా ఎలా కట్టాలో 1951 నాటి తన పుస్తకంలో చూపించాడు. ఇవాళ నగల మీద, పచ్చబొట్ల మీద, పుస్తకాల అట్టల మీద ప్రపంచమంతా కనిపించే 'సెల్టిక్' ముడుల్లో చాలా వాటికి ఆయన పాఠాలే దారి చూపాయి. కళ గురించిన పుస్తకం ఆ కళను మళ్లీ చేతుల్లోకి తేవడమంటే ఇదే.

వాదన తప్పినా పుస్తకం ఎలా నిలుస్తుందో చూడాలంటే ఆర్క్‌నీ దీవుల్లోని స్కారా బ్రేకి వెళ్లాలి. 1850 శీతాకాలంలో తుఫాను ఇసుకదిబ్బను కోసేయడంతో అక్కడ రాతి ఇళ్లు బయటపడ్డాయి. రాతి మంచాలు, రాతి అలమరాలు, నడుమ పొయ్యి ఉన్న ఆ ఇళ్లను 1928 నుంచి 1930 దాకా తవ్వించినవాడు గార్డన్ చైల్డ్. ఆయన ఆ కాలపు పురావస్తు శాస్త్రవేత్తల్లో అగ్రగణ్యుడు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. 1931లో వచ్చిన ఆయన పుస్తకం పేరులోనే స్కారా బ్రే 'పిక్టుల గ్రామం' అని ఉంది. అది పిక్టుల గ్రామం కాదు. అక్కడి కుండపెంకులు కొత్త రాతియుగానివని కొన్నేళ్లకే ఇతర పండితులు చూపించారు. 1970ల తవ్వకాల్లో తీసిన రేడియోకార్బన్ తేదీలతో ఆ ఊరు సుమారు క్రీ.పూ. 3180 నుంచి 2500 వరకు ఉందని తేలింది. అంటే లెక్క వేల ఏళ్లు తప్పింది. అయినా స్కారా బ్రే మీద పనిచేసే ఎవరూ చైల్డ్ పుస్తకాన్ని పక్కన పెట్టలేరు. ఏ గదిలో, ఏ పొరలో, ఏ మూల ఏది దొరికిందో ఆయన రాసిపెట్టాడు. ఆయన తవ్విన పొరలు ఆ తవ్వడంతోనే పోయాయి, వాటిని మళ్లీ తవ్వి చూడలేం. తన నిర్ణయాన్ని కొట్టివేయడానికి కావలసిన ఆధారాలను కూడా ఆయనే మనకు అప్పగించి వెళ్లాడు. నా దృష్టిలో పురావస్తు గ్రంథానికి ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు.

పిక్టుల గురించి దుకాణాల్లో అమ్ముడుపోయే పుస్తకాలు చాలావరకు ఈ పరీక్ష ముందు నిలబడవు. చిహ్నాల లిపిని ఛేదించామని, పిక్టులు ఫలానా చోటి నుంచి వచ్చారని, వాళ్ల భాష ఏ భాషా కుటుంబానికీ చెందదని పదేపదే రాస్తుంటారు. ఆ మాటకు ఆధారమైన రాయి ఎక్కడుందో వెతికితే పుస్తకంలో దొరకదు. 'రహస్య జాతి' అనే ముద్ర ఇప్పటికీ అట్టల మీద నడుస్తోంది. 1955లో ఎఫ్.టి. వెయిన్‌రైట్ సంపాదకత్వంలో వచ్చిన వ్యాసాల సంకలనం పేరే 'ది ప్రాబ్లెమ్ ఆఫ్ ది పిక్ట్స్'. ఆనాటికి ఆ పేరు తగినదే. ఇప్పుడు తగదు. 2006లో ఆలెక్స్ వుల్ఫ్ ఒక్క వ్యాసంతో పిక్టుల ప్రధాన రాజ్యం ఫోర్ట్రియును పెర్త్‌షైర్ నుంచి ఉత్తరాన మోరే ప్రాంతానికి మార్చాడు. అందుకు కొత్త తవ్వకాలు అక్కర్లేదు, పాత రాతప్రతుల్లోని మాటలను జాగ్రత్తగా మళ్లీ చదవడం సరిపోయింది. దాంతో దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న పటం మారిపోయింది.

ఉత్తర స్కాట్లాండ్ తీరంలోని పోర్ట్‌మహోమక్ తవ్వకాల్లో దొరికినవి నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తాయి. మార్టిన్ కార్వర్ బృందం 1994 నుంచి ఏళ్ల తరబడి అక్కడ పిక్టుల మఠాన్ని తవ్వింది. పశువుల తోళ్లను రాతకు పనికొచ్చే చర్మపత్రాలుగా మార్చే కార్ఖానా బయటపడింది. అంటే పిక్టులు పుస్తకాలు రాశారు. వాళ్ల దేశం నుంచి వచ్చిందని తిరుగులేకుండా చెప్పగలిగిన పుస్తకం ఒక్కటీ మిగల్లేదు. సుమారు క్రీ.శ. 800లో ఆ మఠం తగలబడింది. ఆ తవ్వకాల పూర్తి నివేదికను పురాతత్వ సంఘం 2016లో ప్రచురించి, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టింది. ఖరీదైన విద్యాగ్రంథాల కాలంలో ఇది చాలా పెద్ద మేలు. సంఘం పత్రిక పాత సంచికలు కూడా అలాగే అందుబాటులో ఉన్నాయి.

నమోదు ముఖ్యమని అంటే 1903 నాటి పద్ధతే చాలని నా ఉద్దేశం కాదు. ఆలెన్ రాతి మీది ముడిని చూశాడు, ఆ రాయి నిలబడ్డ ఊరిని అంతగా చూడలేదు. ఆ లోటును పూడ్చిన పుస్తకం 2008లో హిల్టన్ ఆఫ్ క్యాడ్‌బోల్ అనే ఊరి పిక్టుల శిల మీద వచ్చింది. సుమారు 800 నాటి ఆ శిల మీద గుర్రమెక్కిన స్త్రీ, ఆమె చుట్టూ వేట దృశ్యం ఉంటాయి. 1676లో ఒకాయన రెండో వైపున్న శిలువను పూర్తిగా చెక్కించేసి తనకూ తన ముగ్గురు భార్యలకూ సమాధి రాయిగా మార్చాడు. 1921లో శిల లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. స్కాట్లాండ్‌లో గగ్గోలు లేవడంతో ఎడిన్‌బరోకు తిరిగొచ్చింది. 2001 తవ్వకాల్లో శిల అడుగు భాగం, శిలువ నుంచి రాలిన వేల ముక్కలు హిల్టన్‌లోనే దొరికినప్పుడు, వాటిని ఎక్కడికీ తీసుకెళ్లడానికి వీల్లేదని ఊరివాళ్లు పట్టుబట్టారు. పుస్తకం శిల్పకళను ఎంత శ్రద్ధగా వివరిస్తుందో, ఆ ఊరివాళ్లకు ఆ రాయి ఏమవుతుందో కూడా అంతే శ్రద్ధగా, వాళ్ల మాటల్లోనే నమోదు చేసింది. యాజమాన్యం మీద వచ్చిన గొడవను దాచలేదు. రేపు ఇంకో పండితుడు ఆ శిల్పానికి వేరే అర్థం చెప్పొచ్చు. 2001లో హిల్టన్ జనం ఏమన్నారన్నది మాత్రం ఇక చెరగదు.

ఇంత గొప్ప సంప్రదాయం ఉన్న దేశంలో ఒక పని మాత్రం మిగిలిపోయింది. ఇంగ్లండ్‌లో ఆంగ్లో-సాక్సన్ శిల్పాలన్నిటినీ ప్రాంతాల వారీగా నమోదు చేసే సంపుటాలు 1984 నుంచి వస్తున్నాయి. స్కాట్లాండ్‌లో చిహ్నాలున్న రాళ్లకు 2008లో ఒక మంచి సచిత్ర సంపుటి వచ్చింది. చిహ్నాలు లేని శిలువలు, సమాధి పలకలు, విరిగిన ముక్కలు కూడా కలిపి చూడాలంటే నూట ఇరవై ఏళ్ల కిందటి ఆలెన్, ఆండర్సన్ల గ్రంథమే ఇప్పటికీ గతి. ఆ తర్వాత బయటపడ్డవి ఎన్నో ఉన్నాయి, పోర్ట్‌మహోమక్‌లోనే రెండు వందలకు పైగా శకలాలు దొరికాయి. అవన్నీ వేర్వేరు నివేదికల్లో, పత్రికల్లో చెదిరి ఉన్నాయి. అలాంటి సంపుటాలు తయారుచేసే బాధ్యత పురాతన కట్టడాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ తీసుకోవాలి, విశ్వవిద్యాలయాలు తోడు నిలవాలి. మ్యూజియంలో భద్రంగా ఉన్నవి కొంతకాలం ఆగగలవు. పొలం గట్ల మీద, చర్చి ఆవరణల్లో వానకూ మంచుకూ పొరలు పొరలుగా ఊడిపోతున్న ఇసుకరాళ్లను ముందుగా కొలిచి, త్రీడీ స్కాన్ చేసి, అచ్చులోకి తేవాలి.