వెనిగర్ పొయ్యమన్న మహానుభావులకో దండం

ముందే చెప్తున్నా, ఇది పెద్ద పోస్ట్. ఓపిక లేనివాళ్ళు ఒక్క ముక్క పట్టుకెళ్ళండి: మజిల్‌లోడర్ (మూతి లోంచి మందు కూరే తుపాకీ) గొట్టం గోడలకి గుండు సీసం పట్టిందని వెనిగర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పొయ్యకండి. పోసినవాణ్ణి నేనే. ఏం జరిగిందో కింద రాశా.

మొన్న ఆదివారం తుపాకీ కాల్చే రేంజ్‌లో ఒక కుర్రాడికి ఎవరో ఇదే సలహా ఇస్తుంటే విన్నా. మనవాడే, నెల్లూరు వైపు. ఇక్కడ పెన్సిల్వేనియాలో క్రిస్మస్ వెళ్ళాక ఫ్లింట్‌లాక్ జింకల సీజన్ ఒకటుంది, 1974 నుంచీ నడుస్తోంది. చెకుముకి రాయి కొట్టుకుని పేలే రకం తుపాకీ తప్ప ఇంకోటి పనికిరాదు. ఆ మోజులో పాత రైఫిల్ కొన్నాడు. "అన్నా, నాలుగు దెబ్బలు కొట్టేసరికి గుండు కిందికి దిగట్లేదు, మధ్యలో పట్టేస్తోంది" అన్నాడు. పక్క బెంచీ ఆయన తల కూడా ఎత్తకుండా "సీసం పట్టింది, వెనిగర్ కొట్టు" అనేశాడు. ఏ గుండు, గుడ్డ చుట్టావా లేదా, ఏ మందు పోశావు, ఒక్క ప్రశ్న లేదు. నాడి కూడా చూడకుండా సూది పొడిచేసే ఆర్ఎంపీ డాక్టర్లు గుర్తొచ్చారు నాకు.

ఇక్కడే నా గొడవంతా. జనం సీసం అనుకునేది చాలాసార్లు సీసమే కాదు.

ఈ తుపాకుల సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మజిల్‌లోడర్ అంటే గొట్టం మూతి లోంచి మందు పోసి, దాని మీద గుండు పెట్టి, కడ్డీతో అడుగుదాకా కూరే రైఫిల్. ఇందులో పోసే నల్ల తుపాకిమందులో (బ్లాక్ పౌడర్) పెట్లుప్పు 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. అది కాలితే మొత్తం గాలిలో కలిసిపోదు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత తెల్ల పొగై పోతుంది, మిగిలింది గొట్టం గోడలకి మసిలా, పెచ్చులా కరుచుకుంటుంది. అందులో ఎక్కువభాగం పొటాషియం లవణాలే. ఉప్పు డబ్బా వానాకాలంలో ఎలా చెమ్మ పడుతుందో ఇదీ అంతే. మొదటి దెబ్బలకి మెత్తగా ఉంటుంది, ఆరితే గట్టిపడి గుండుని అడ్డుకుంటుంది, అలాగే వదిలేస్తే తుప్పు. కానీ దీనికి విరుగుడు మన ఇంటి కుళాయిలోనే ఉంది. వేణ్ణీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు. అంతే.

బ్లాక్ పౌడర్‌కి బదులుగా వచ్చిన కొత్త రకం మందులు వాడేవాళ్ళకి ఇంకో తమాషా. మందు కాలే చోట, అడుగుకి కాస్త పైన, గట్టి ఉంగరంలా ఒక పెచ్చు కడుతుంది. కడ్డీకి తగిలి టక్కుమని ఆగుతుంది. "అయ్యో సీసం ఉంగరం" అని గుండెలు బాదుకుంటారు. తడి గుడ్డ రెండుసార్లు ఆడిస్తే ఊడొస్తుంది. మరికొన్ని రైఫిళ్ళలో అడుగున మందు గది గొట్టం కన్నా సన్నగా ఉంటుంది, పేటెంట్ బ్రీచ్ అంటారు. గొట్టానికి సరిపడే బ్రష్ ఆ మెట్టు దగ్గర ఆగిపోతుంది. అది తుపాకీ చేసినవాడు పెట్టిన మెట్టు. దాన్ని కూడా సీసమనుకుని గీకిన ఘనులున్నారు.

తేడా పట్టుకోవడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. ముందు నీళ్ళతో కడిగెయ్యి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడుగు, ఆరబెట్టు. తర్వాత అడుగున చిన్న ఎల్ఈడీ లైటు వేసి మూతి లోంచి చూడు. గాడుల (గుండుని తిప్పడానికి గొట్టం లోపల మెలికగా చెక్కిన గీతలు) అంచుల వెంబడి బూడిదరంగు చారలు, అక్కడక్కడా పెన్సిల్‌తో గీసినట్టు మెరుపు కనిపిస్తే అప్పుడు అది సీసం. బిగుతుగా గుడ్డ తోస్తే ఒక్కోచోట జరజరమని పట్టుకుంటుంది, బయటికి తీశాక దాని మీద చేప పొలుసుల్లాంటి సన్నటి తళుకులు ఉంటాయి. నీళ్ళకి అవి కరగవు. మామూలు సాల్వెంట్లకీ కరగవు, సీసా మీద ఏం రాసి ఉన్నా సరే.

కుర్రాడి రైఫిల్‌లో అలాంటిదేం లేదు. ఉమ్మితో తడిపిన గుడ్డ (అవును, ఉమ్మే, వందల ఏళ్ళుగా వాడుతున్నదే) ప్రతి దెబ్బకీ ఒకసారి ఆడించమన్నా. సాయంత్రం దాకా కాల్చుకున్నాడు.

నిజానికి అతనికి సీసం పట్టే అవకాశమే తక్కువ. గుడ్డ చుట్టిన ఉండ గుండు వాడితే సీసం ఇనుముకి తగలనే తగలదు. 50 కాలిబర్ గొట్టంలో 0.490 అంగుళాల ఉండ, చుట్టూ 0.015 అంగుళాల మందం నూలు గుడ్డ. గాడుల్ని పట్టుకునేది గుడ్డే. సీసం ఎక్కేది కోలగుండు (గుడ్డ చుట్టని పొడుగాటి సీసపు గుండు) వాడినప్పుడు. అది నేరుగా గొట్టాన్ని రాసుకుంటూ పోతుంది. దానికి కొవ్వు పూయకపోయినా, గుండు వదులై పక్కనుంచి వేడి వాయువు దూరినా, సీసం కోసుకుపోయి గోడకి అంటుకుంటుంది. సీసం 327 డిగ్రీలకే కరిగే లోహం మరి. ఇక గొట్టంలో తుప్పు గుంటలు ఉన్నాయంటే చెప్పక్కర్లేదు, ఆకురాయి మీద సీసం ముక్క రుద్దినట్టే.

ఈ కొవ్వు గొడవ మనకి కొత్తదేం కాదు. 1857 గురించి స్కూల్లో అందరం చదివాం, ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు అని. ఆ తూటాకి కొవ్వెందుకు అని ఏ మాస్టారూ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఎందుకంటే ఇందుకే. ఫ్రెంచి సైన్యాధికారి క్లోడ్ ఎటియెన్ మినియే 1849 నాటికి ఒక కోలగుండు తయారుచేశాడు. గొట్టం కన్నా కాస్త సన్నంగా ఉండి సులువుగా దిగుతుంది, పేలినప్పుడు దాని బోలు అడుగు విచ్చుకుని గాడుల్ని పట్టుకుంటుంది. ఆ పద్ధతిలోదే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్, 0.577 అంగుళాల గొట్టం. కొవ్వు లేకపోతే మసి గట్టిపడి గుండు దిగదు, సీసం రాసుకుంటుంది. అందుకని కాగితం తూటాకి కొవ్వు పూశారు, దాన్ని పళ్ళతో కొరికి చింపమన్నారు. సిపాయిలు గోల చేశాక మీకు నచ్చింది మీరే పూసుకోండి అన్నారు. నెయ్యి, తేనెమైనం మాట కూడా వచ్చింది. అప్పటికే నమ్మకం పోయింది. గొట్టం శుభ్రంగా ఉండాలన్న చిన్న పని ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి.

అమెరికా అంతర్యుద్ధంలో వీళ్ళూ తక్కువ తినలేదు. విలియమ్స్ గుండు అని ఒకటి పంచారు, అడుగున జింకు బిళ్ళ. పేలినప్పుడు ఆ బిళ్ళ చదునై గొట్టాన్ని గీక్కుంటూ పోవాలని ఆలోచన. పేరే క్లీనర్ బుల్లెట్. ఇక్కడి పాత యుద్ధభూముల్లో ఇప్పటికీ దొరుకుతుంటాయి.

సరే, నా కథ.

ఐదేళ్ళ కింద ఒక సంతలో పాత పర్కషన్ రైఫిల్ (చెకుముకి రాయికి బదులు చిన్న పేలుడు టోపీతో మందు అంటుకునే రకం) కొన్నా. 50 కాలిబర్, 28 అంగుళాల గొట్టం, గాడులు 48 అంగుళాలకి ఒక చుట్టు. అమ్మినాయన "మా మామగారిది, ఇరవై ఏళ్ళుగా గోడకే ఉంది" అన్నాడు. ఇంటికి తెచ్చి కడ్డీ లోపల వేస్తే ఖంగుమనాల్సింది, దబ్ మంది. కడ్డీ మీద గుర్తు పెట్టి, బయట గొట్టం పక్కన ఆనించి చూస్తే రెండంగుళాలు తేడా. అంటే మందు, గుండు లోపలే ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా గోడకి నిండు తుపాకీ వేలాడుతోందన్నమాట! గెటిస్‌బర్గ్ యుద్ధం అయ్యాక మైదానంలో ఏరిన 27 వేల పైచిలుకు తుపాకుల్లో 24 వేలదాకా నిండుగానే ఉన్నాయని, కొన్నిట్లో గుండు మీద గుండు కూరి ఉందని చదివినప్పుడు నవ్వుకున్నా. ఆ రోజు నవ్వు రాలేదు. పాత రైఫిల్ చేతికొస్తే ముందు కడ్డీ వేసి చూడండి, తోమడం తర్వాత.

రేంజ్‌లో ఒక పెద్దాయన సాయం చేశాడు. నిపుల్ (ఆ టోపీ పెట్టే సన్నటి గొట్టం) వైపు నుంచి నూనె ఎక్కించి మందుని చంపి, మర్నాడు స్క్రూ పుల్లర్‌తో గుండు లాగాం. కోలగుండు. గాడుల్లో కొవ్వు చుక్క లేదు, పొడి పొడిగా ఉంది. లైటు వేస్తే గొట్టం మూడోవంతు వెండిపూత పూసినట్టుంది. ఇది మాత్రం అసలు సిసలు సీసం.

పెద్దాయన "తొందరపడకు, నెల పడుతుంది" అన్నాడు. నేను వింటానా? ఒక వీడియోలో పదిహేను నిమిషాల్లో అయిపోయింది. వెనిగర్, పెరాక్సైడ్ సగం సగం. నిపుల్ రంధ్రం మూసి పోశా. బుసబుసా పొంగింది. పాలలా తెల్లటి నీళ్ళు వచ్చాయి, భలే పనిచేస్తోందని మురిసిపోయా. మళ్ళీ పోశా. సీసం చాలావరకు పోయింది, నిజమే. దాంతోపాటు గొట్టం నునుపూ పోయింది. ఆ ద్రావకానికి సీసమూ ఇనుమూ తేడా తెలియదు. లోపలంతా మసకబారి, రాత్రికి కుంకుమరంగు తుప్పు. తుప్పు గుంటలంటే మళ్ళీ సీసానికి పీట వేసినట్టే కదా.

అంతకన్నా ఘోరం, ఆ తెల్లనీళ్ళు. పెరాక్సైడ్ సీసాన్ని ఆక్సైడ్ చేస్తుంది, వెనిగర్ దాన్ని లెడ్ ఎసిటేట్ చేస్తుంది. పూర్వం దాన్ని సీసపు చక్కెర అనేవారట, తియ్యగా ఉంటుందని. నీళ్ళలో ఇట్టే కరిగే విషం. నేను చేతికి తొడుగు కూడా లేకుండా ఆ బకెట్ డెక్ మీదనుంచి పక్కకి ఒంపేశా. ఒంపింది మా ఆవిడ కరివేపాకు కుండీలోకి. ఇక్కడి చలికి ఏటా అక్టోబర్లో ఇంట్లోకి, మే నెలలో బయటికి మోస్తూ నాలుగేళ్ళు పెంచిన మొక్క. తెలిసిన రోజున మొక్క, మట్టి, కుండీ మొత్తం మూటకట్టి కౌంటీ వాళ్ళు ప్రమాదకర చెత్త తీసుకునే రోజున అప్పగించి వచ్చాం. దారిలో మా ఆవిడ ఒక్కటే మాట అంది, "తుపాకీ కూడా ఇచ్చెయ్యకపోయారా."

పాదరసం పోసి ఊపే పాత పద్ధతి చెప్పేవాళ్ళూ ఉన్నారు. సీసం అందులో కలుస్తుంది, అబద్ధం కాదు. ఆ ఆవిరి పీల్చేది మాత్రం మీరు. టార్చి పెట్టి వేడి చెయ్యమనేవాళ్ళకి చెప్పేదేం లేదు.

మరేం చెయ్యాలి? పెద్దాయన చెప్పిందే. ముందు నీళ్ళతో మసి అంతా వదిలించాలి. తర్వాత పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలెయ్యాలి. నూనె సీసాన్ని కరిగించదు, దాని కిందికి పాకి పట్టు వదులు చేస్తుంది. పొద్దున రాగి పీచు. గిన్నెలు తోమే రాగి పీచే, కానీ కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుందంటే రాగి పూత పూసిన ఉక్కు, అది మీ గాడుల్ని గీసేస్తుంది. అచ్చమైన రాగి సీసం కన్నా గట్టి, ఉక్కు కన్నా మెత్తన, అందుకే అది సీసాన్నే గీకుతుంది. ఒక సైజు చిన్నదైన, అరిగిపోయిన కంచు బ్రష్‌కి ఆ పోగులు నాలుగు చుట్టి, వేళ్ళతో నొక్కితే బిగుతుగా ఉండేలా చూసుకోవాలి. కడ్డీ ఒకే ముక్కగా ఉండి, పిడి తిరిగే రకమైతే బ్రష్ గాడుల వెంట తిరుగుతుంది. మూతి దగ్గర ఇత్తడి గైడు పెట్టండి, కడ్డీ రాసుకుని మూతి అరిగిందంటే గురి అక్కడే పోతుంది.

ఇంకో చిక్కు. మజిల్‌లోడర్ గొట్టానికి అడుగు మూసి ఉంటుంది కదా, బ్రష్ అవతలికి పోదు. లోపలే వెనక్కి తిప్పాలి, అక్కడ కుచ్చులు అడ్డం తిరిగి బిగుసుకుంటాయి. బలంగా లాగితే బ్రష్ తల ఊడి లోపలే ఉంటుంది. బిగుసుకుంటే గడియారం తిరిగే వైపు అరచుట్టు తిప్పి, అప్పుడు లాగండి. అటువైపే ఎందుకంటే ఇటు తిప్పితే మర ఊడొస్తుంది. ఇది రెండు బ్రష్‌లు పోగొట్టుకున్న జ్ఞానం.

పది పన్నెండు తోపులు, ఒక గుడ్డ, లైటు వేసి చూడటం, మళ్ళీ నూనె. నాకు తొమ్మిది సాయంత్రాలు పట్టింది, అది కూడా వెనిగర్ చేసిన గాయానికి పాలిష్ పేస్ట్ పట్టించడంతో కలిపి. ఆ తర్వాత కోలగుండు జోలికే పోలేదు. గుడ్డ చుట్టిన ఉండలే ముప్పై నలభై కాల్చా. మొదట్లో బెంచీకి పదడుగుల దూరంలో పడ్డ గుడ్డలు ఏరి చూస్తే అంచులు కత్తిరించినట్టు చిరిగి ఉండేవి. పోనుపోను గుండ్రంగా, మధ్యలో మసిమచ్చతో, చిరగకుండా రావడం మొదలైంది. యాభై గజాల్లో గుండ్లన్నీ అరచేతంత చోట్లో పడుతున్నాయి ఇప్పుడు. పెద్దాయనవి అగ్గిపెట్టెంత చోట్లో పడతాయి, అది వేరే సంగతి.

చేతికి నైట్రైల్ తొడుగులు, పని ఇంటి బయట, ఆ గుడ్డలన్నీ విడిగా ఒక సంచిలో. పిల్లలున్న ఇల్లయితే మరీను. ఇక్కడ సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్ళు పిల్లల రక్తంలో డెసిలీటర్‌కి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోమంటున్నారు, అది ఎంత తక్కువో మీరే ఆలోచించండి. మనూళ్ళనుంచి ఇన్‌బాక్స్‌లో "నాటు తుపాకీకి కూడా ఇదేనా అన్నా" అని అడిగేవాళ్ళకి: అక్కడ ముందునుంచి కూరేదైనా సరే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. అది లేకపోతే నన్ను అడక్కండి.

ఇక కొవ్వు సంగతి. పెద్దాయన ఆవు కొవ్వు, తేనెమైనం వాడతాడు. నేను నెయ్యి, తేనెమైనం. ఉప్పు లేని కొవ్వే కావాలి కాబట్టి వెన్న కన్నా నెయ్యి మేలు. ఒక పాలు నెయ్యికి రెండు పాళ్ళు మైనం కరిగించి గుడ్డలకి పట్టిస్తా, ఎండాకాలం మైనం ఇంకాస్త ఎక్కువ. పేలినప్పుడు గంధకం పొగలో మాడిన నెయ్యి వాసన కలుస్తుంది. మొన్న కుర్రాడు ముక్కు ఎగబీల్చి "అన్నా, ఎక్కడో పోపు మాడుతున్నట్టుంది" అన్నాడు.

ఆ నెయ్యి డబ్బా ఇప్పుడు గరాజ్‌లో, పై అరలో ఉంటుంది. మా ఆవిడ దాని మీద ఎర్ర మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాసింది: "తుపాకీది. ముట్టుకోవద్దు. మొక్కలకి పొయ్యవద్దు."