టైప్-సి పోర్టు ఉన్నంత మాత్రాన టీవీలో బొమ్మ రాదు

ఏ లాప్‌టాప్‌కైనా టైప్-సి పోర్టు ఉంటే చాలు, డాకింగ్ స్టేషన్ (డాక్, అంటే ఒకే పోర్టుకు టీవీ, కీబోర్డు లాంటివన్నీ కలిపే పెట్టె) తగిలించి టీవీకి కలిపితే 4కె (చాలా స్పష్టమైన) బొమ్మ వచ్చేస్తుందనీ, రాకపోతే కేబుల్ నాసిరకమనీ, బంగారు పూత ఉన్న ఖరీదైన కేబుల్ కొనుక్కోవాలనీ, అంచులు తెగి కనిపిస్తే డాక్ పాడైనట్టేననీ చెప్పే సందేశం ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. పాలకొల్లులో ఉంటూ హైదరాబాద్ కంపెనీకి ఇంటినుంచి పనిచేసే మా పిన్ని కొడుకు దాన్ని నమ్మి ఒక డాకూ, రెండు కేబుళ్లూ కొన్నాడు. టీవీలో మాత్రం "నో సిగ్నల్" అన్న అక్షరాలే మిగిలాయి.

టైప్-సి అనేది పోర్టు ఆకారానికి పేరే తప్ప అందులోంచి ఏమేమి వెళ్తాయో చెప్పే హామీ కాదు. మామూలు డాక్ ద్వారా బొమ్మ బయటికి రావాలంటే ఆ పోర్టుకు 2014లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (టైప్-సి పోర్టులోంచే బొమ్మ సంకేతాన్ని పంపే పద్ధతి) గానీ థండర్‌బోల్ట్ (డేటా, బొమ్మ రెండూ మోసే వేగవంతమైన పద్ధతి) గానీ ఉండాలి. మా తమ్ముడి లాప్‌టాప్‌లో ఆ పోర్టు పక్కన త్రిశూలం లాంటి యూఎస్‌బీ గుర్తు ఒక్కటే ఉంది. గుర్తును బట్టే తేల్చకూడదు, కొన్ని కంపెనీలు గుర్తులే వేయవు; అందుకని ఆ మోడల్ వివరాలు తీసి చూస్తే, అది డేటాకు మాత్రమే పనికొచ్చే పోర్టని తేలింది. అలాంటి పోర్టుకు ఎన్ని కేబుళ్లు మార్చినా ఫలితం ఉండదు. డిస్‌ప్లేలింక్ రకం డాక్ అయితే డేటా దారిలోనే బొమ్మను పంపగలదు కానీ, దానికి ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, ప్రాసెసర్ మీద కొంత భారమూ పడుతుంది.

ఇక 4కె సంగతి. టీవీకి బొమ్మ, శబ్దం పంపే పద్ధతి హెచ్‌డీఎమ్‌ఐలో 2009 నాటి 1.4 రకం మీద నడిచే చవక డాక్ 4కె బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. సినిమాకు అది సరిపోవచ్చు, కానీ పనిలో మౌస్ బాణం చేతి వెనకే ఈడ్చుకుంటూ వస్తుంది. 60 సార్లు కావాలంటే లాప్‌టాప్, డాక్, టీవీ మూడూ ఆ స్థాయిని అందుకోవాలి. 2013లో వచ్చిన హెచ్‌డీఎమ్‌ఐ 2.0 అందుకే.

సముద్రపు గాలి తగిలే అంతర్వేది వైపు ఇళ్లలో కేబుల్ కొనలు తుప్పు పట్టకుండా బంగారు పూత పనికొస్తుందని ఒప్పుకుంటాను. అయితే వెళ్లేది డిజిటల్ సంకేతం కనుక, ఆ పూత వల్ల బొమ్మ నాణ్యత వెంట్రుకవాసి కూడా పెరగదు. కేబుల్ మరీ పొడవైనప్పుడో లోపల దెబ్బతిన్నప్పుడో బొమ్మ మిణుకుమనడం, మధ్యలో పోయి రావడం నిజమే. పోర్టే బొమ్మ పంపనప్పుడు కేబుల్‌ను తప్పుపట్టడం అన్యాయం.

మా వాడి లాప్‌టాప్ ఎడమ పక్కన హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు మొదటినుంచీ ఉంది. డాక్ పక్కన పెట్టి, మొదట కొన్న కేబుల్‌నే అందులో పెడితే బొమ్మ వెంటనే వచ్చింది. కింది టాస్క్‌బార్ సగం తెగిపోయింది. అది ఓవర్‌స్కాన్, అంటే టీవీ తనంతట తాను బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కత్తిరించడం. రిమోట్‌తో పిక్చర్ సైజులోకి వెళ్లి "జస్ట్ స్కాన్" ఎంచుకున్నాక టాస్క్‌బార్ గడియారంతో సహా పూర్తిగా కనిపించింది.