ప్రశ్నార్థకం చాటున

నగరంలోని ఒక హాస్టల్‌లో గత వారం ఒక విద్యార్థిని మరణించింది. ఆ హాస్టల్ ఏ పేటలో ఉందో, ఆ అమ్మాయి ఏ ఊరి నుంచి చదువుకు వచ్చిందో, తండ్రి ఏం పని చేస్తాడో మేము ఇక్కడ రాయబోము. అయినా పాఠకుల్లో చాలామందికి ఈపాటికి అవన్నీ తెలిసే ఉంటాయి. మృతదేహం విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రి మార్చురీకి చేరకముందే ఆ వివరాలు ఫొటోతో సహా సెల్‌ఫోన్లకు చేరిపోయాయి. చేర్చినవారు ఊరూ పేరూ లేనివారైతే ఈ సంపాదకీయం అక్కర లేకపోయేది. వారు పత్రికా కార్యాలయాలు నడుపుతున్నవారు, రోజూ తెల్లవారుజామున మన గుమ్మాల్లో పేపరు వేయిస్తున్నవారు.

ఆ రోజు ఆన్‌లైన్‌లో వచ్చిన వార్తలను మా డెస్క్ వరుసగా పెట్టి చదివింది. ఉదయం పది గంటలకు ఒక సైట్‌లో ‘హాస్టల్‌లో విద్యార్థిని మృతి’ అన్న శీర్షిక ఉంది. అప్పటికి పోలీసులు చెప్పినదీ అంతే. ఆత్మహత్య కావచ్చన్న అనుమానంతో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద కేసు నమోదు చేసి శవపంచనామా మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి అదే వార్త ‘ప్రేమ వ్యవహారమే కారణమా?’గా మారింది. సాయంత్రానికి ‘ఆ రాత్రి ఎవరితో మాట్లాడింది?’ అయి కూర్చుంది. ఈ మధ్యలో దర్యాప్తు అంగుళమైనా ముందుకు జరగలేదు, శీర్షిక మాత్రం జరుగుతూనే ఉంది. మూడో వార్తను ఓపిక పట్టి చివరిదాకా చదివితే ఆఖరి వాక్యం ‘పూర్తి వివరాలు తెలియాల్సి ఉంది’ అని కనిపించింది.

విన్న మాటను విన్న మాటగా చెప్పడానికి తెలుగులో ‘అట’ ఉంది. ‘ఆ పిల్ల ఎవరినో ప్రేమించిందట’ అని వీధి కుళాయి దగ్గర అన్న మనిషి, తాను చూడలేదని, ఎవరో అంటే విన్నానని ఆ ఒక్క మాటతో ఒప్పుకుంటుంది. వార్త రాసినవారు ఆ ‘అట’ను కొట్టేసి, ఆ చోట ‘విశ్వసనీయ సమాచారం’ అని, ‘స్థానికులు చర్చించుకుంటున్నారు’ అని చేర్చారు. పుకారు పుకారుగానే ఉంది, ఒప్పుకోలు పోయింది. శీర్షికలో ప్రశ్నార్థకం చేసే పనీ ఇదే. రేపు ఎవరైనా నిలదీస్తే ‘మేము అడిగామే గాని అనలేదు’ అని తప్పుకోవడానికి దాన్ని ముందుగానే పెట్టుకుంటారు. చనిపోయిన పిల్ల తల్లి ఆ గుర్తును చూడదు, దాని ముందున్న మాటలనే చదువుతుంది.

ఇంతవరకైతే పాత రోగమే అనుకునేవాళ్లం. మర్నాడు అదే సైట్‌లో, అదే వార్త పక్కన, ఆడపిల్లల మీద సమాజం వేసే నిందల గురించి ఒక అభిప్రాయ వ్యాసం వచ్చింది. బాగానే రాశారు, ఆవేదన నిజమైనదే కావచ్చు. ఆ వ్యాసంలో ‘సమాజం’ అన్న మాట పద్నాలుగు సార్లు వచ్చింది, మేము లెక్కపెట్టాం. ‘మీడియా’ అన్న మాట ఒక్కసారీ రాలేదు. నింద వేసిన సమాజాన్ని వెతకడానికి వ్యాసకర్త అంత దూరం వెళ్లనక్కర లేదు, తన వ్యాసానికి ఎడమ వైపున్న శీర్షికను చదివితే సరిపోయేది. మరొక చోట పోస్టుమార్టం నివేదిక రాకముందే ‘దారి తప్పుతున్న యువత’ అని తీర్పు రాసేశారు. ఆ వ్యాసానికి ఆధారం వార్త, ఆ వార్తకు ఆధారం పుకారు.

ఇలాంటి మరణాల గురించి ఎలా రాయాలో తెలియక జరిగిందని ఎవరూ అనలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019 సెప్టెంబరులోనే మార్గదర్శకాలను ఆమోదించింది. సంచలన శీర్షికలు పెట్టకూడదని, చనిపోయిన తీరు వర్ణించకూడదని, చోటు వివరాలు ఇవ్వకూడదని, ఫొటోలు వాడకూడదని వాటిలో ఉంది. ఇవి తెలుసు కనుకనే ఈ సంస్థలు మర్నాటి అచ్చు పేపర్లో అదే వార్తను లోపలి పేజీలో, ఆరు వాక్యాల్లో, పేరు లేకుండా, ఫొటో లేకుండా మర్యాదగా వేశాయి. నియమం తెలుసు, పాటించడమూ చేతనవును. కాగితం మీద ఒక నీతి, ఫోన్ తెర మీద ఇంకొక నీతి. లైంగిక నేరాల వార్తల్లోనూ ఇదే వరస చూస్తున్నాం. బాధితురాలి గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు ఉంది. మరణించిన బాధితురాలికీ ఆ రక్షణ వర్తిస్తుందని, పరోక్షంగానైనా గుర్తుపట్టేలా వివరాలు ఇవ్వరాదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఊరు, కాలేజీ, తండ్రి ఉద్యోగం అన్నీ రాసేసి, చివర ‘పేరు మార్చాం’ అని వేసుకుని చేతులు కడుక్కునే వార్తలు వస్తూనే ఉన్నాయి.

కేంద్రం 2021లో తెచ్చిన ఐటీ నిబంధనలు ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాలను డిజిటల్ వార్తలకూ వర్తింపజేశాయి. పత్రికా స్వేచ్ఛకు ముప్పని కొందరు కోర్టుకు వెళ్లగా, అదే ఏడాది ఆగస్టు 14న బొంబాయి హైకోర్టు ఆ నియమాలను పాటించి తీరాలన్న 9వ నిబంధనలోని రెండు కీలక భాగాలను నిలిపివేసింది. వార్త మీద సర్కారు చెయ్యి పడకూడదన్న వాదన సరైనదేనని మేమూ నమ్ముతున్నాం. సర్కారు అక్కర లేదు, మాకు మేమే కట్టుబడతాం అన్నవాళ్లు ఏనాడైనా కట్టుబడి చూపించాలి గదా!

క్లిక్కులు లేనిదే ప్రకటనలు రావు, ప్రకటనలు లేనిదే వెబ్ డెస్క్‌లో జీతాలు రావు, పాఠకులు దేన్ని నొక్కితే దాన్నే ఇస్తాం అంటారు. కష్టం నిజమే. అనకాపల్లి బెల్లంలో కల్తీ కలిపిన వర్తకుడు ఇదే జవాబు చెబితే మనం అతన్ని మొదటి పేజీలో ఎండగట్టి ఉండేవాళ్లం. ‘మనం’ అని ఊరకే అనడం లేదు. మా వెబ్ విభాగమూ ఆ అమ్మాయి ఫొటోను ఆ రోజు నలభై నిమిషాలు ఉంచింది. ఒక పాఠకుడు ఫోన్ చేసి కోప్పడితే తీశాం గాని, తీశామని ఎక్కడా రాయలేదు. తప్పు మాదే, ఇప్పుడు రాస్తున్నాం.

తెర మీది మాటకు బరువు లేదనుకునేవారు కనీసం ఈ ఊళ్లో ఉండకూడదు. 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే విషరసాయన ఆవిరి 12 మందిని బలిగొన్నప్పుడు, వీధుల్లో స్పృహ తప్పి పడిపోయినవారి వీడియోలు ముఖాలు కూడా మసక చేయకుండా ఇంటింటికీ తిరిగాయి. ఆ రాత్రి మళ్లీ గ్యాస్ లీకైందన్న మాట వ్యాపించి, గోపాలపట్నం చుట్టుపక్కల జనం చంటిపిల్లల్ని ఎత్తుకుని అర్ధరాత్రి రోడ్డెక్కారు.

సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్టుమెంటులో ఇలాంటి మరణమే సంభవిస్తే శీర్షిక ‘ప్రముఖ వ్యాపారి ఇంట విషాదం’ అని ఉంటుంది, ప్రశ్నార్థకం ఉండదు. అద్దె మంచం వేసిన హాస్టల్ గదిలో జరిగితేనే ప్రేమ, ఫోన్, ఆ రాత్రి అన్నీ గుర్తుకొస్తాయి. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టిన కందుకూరి వీరేశలింగం తన కలాన్ని లంచగొండి అధికారుల మీదికి, ఆచారం పేరిట ఆడవారిని నలిపిన పెద్దల మీదికి గురిపెట్టారు. ఆయన వారసులమని జయంతి రోజున మనమంతా రాసుకుంటాం.

ఈ సంపాదకీయం అచ్చుకు వెళ్తున్న వేళకు కూడా ఆ మధ్యాహ్నపు శీర్షిక ఆ సైట్‌లో అలాగే ఉంది. దాని పక్కన ఆడపిల్లల గౌరవం మీద వ్యాసమూ అలాగే ఉంది. రెండూ ఒకే సంపాదకుడి పేరు కింద ఉన్నాయి. ముందు ఆ శీర్షిక తీయించి, ఆ తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పి, ఆ తరువాత ఎన్ని వ్యాసాలైనా వేసుకోమని ఆయనకు చెబుతున్నాం.