కేలరీల లెక్కకు అందని భోక్తలు

ఆహార ప్యాకెట్ల వెనుక అచ్చువేసే పోషక విలువల పట్టికను ఇకనైనా తిరగరాయాలి. ఎన్ని కేలరీలు, ఎంత ప్రోటీన్, ఎంత కొవ్వు, ఎంత చక్కెర అని చెప్పే ఆ పట్టిక, తినేది మనిషి ఒక్కడే అన్న భావన మీద నిలబడి ఉంది. ఆ భావన తప్పని గత రెండు దశాబ్దాల పరిశోధన తేల్చింది. పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియా మనం తినే ప్రతి పూటలోనూ వాటా తీసుకుంటోంది. ఆ వాటాలోకి ఏమి వెళుతున్నదన్న దాన్ని బట్టి మన ఒంటికి పట్టే శక్తి, పేగు గోడ పటుత్వం, రోగనిరోధక వ్యవస్థ తీరు మారిపోతున్నాయి. ఇంత తెలిసిన తరువాత కూడా ఆహార విధానాలు రాసేవారు దీన్ని ఒక ఆసక్తికరమైన విశేషంగా చూస్తున్నారే తప్ప, తమ లెక్కల్లోకి తీసుకోవడం లేదు.

మన శరీర కణాల కంటే బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువని చాలాకాలం చెప్పుకున్నాం. 2016లో రాన్ సెండర్, షాయ్ ఫుక్స్, రాన్ మిలో అనే శాస్త్రవేత్తలు ఆ అంచనాను సవరించారు. డెబ్బై కిలోల మనిషిలో కణాలు దాదాపు 30 లక్షల కోట్లు ఉంటే, బ్యాక్టీరియా 38 లక్షల కోట్లు ఉంటుందని, దాని మొత్తం బరువు 200 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుందని వారు లెక్కగట్టారు. సంఖ్య తగ్గినంత మాత్రాన ప్రాధాన్యం తగ్గలేదు, ఎందుకంటే ఇక్కడ చూడవలసింది సంఖ్యను కాదు, చేతనైన పనిని. పిండిపదార్థాలను విడగొట్టడానికి మన జన్యువులు తయారు చేయగల ఎంజైములు ఇరవైకి మించవు. పేగులో సాధారణంగా కనిపించే బాక్టీరాయిడిస్ థీటాయోటావోమైక్రాన్ అనే ఒక్క జాతికే అలాంటివి రెండు వందలకు పైగా ఉన్నాయి. పీచుపదార్థాన్ని జీర్ణం చేసే పనిని మానవ జాతి ఏనాడో ఈ జీవులకు అప్పగించేసింది.

ఆ పనికి ప్రతిఫలంగా అవి మనకిచ్చేవి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు. పెద్దపేగు లోపలి పొరలోని కణాలు తమ శక్తిలో అధిక భాగాన్ని రక్తం తెచ్చే గ్లూకోజు నుంచి కాక, ఈ బ్యూటిరేట్ నుంచే పొందుతాయి. ఆ కణాల మీద జిగురు పొర రెండు వరసలుగా ఉంటుంది. బ్యాక్టీరియా వదులుగా ఉండే పై వరసలో తిరుగుతుంది, బిగువుగా ఉండే లోపలి వరసలోకి మామూలుగా చొరబడలేదు. పీచు అందినంత కాలం ఈ సరిహద్దు చెక్కుచెదరదు. అందడం మానేస్తే ఏమవుతుందో 2016లో ఎలుకలపై జరిగిన ఒక ప్రయోగం స్పష్టంగా చూపింది. తిండి దొరకని బ్యాక్టీరియా ఆ జిగురులోని చక్కెరల మీద పడింది, పొర పలచబడింది, ఆ తరువాత పేగుకు సోకే ఒక రోగకారక సూక్ష్మజీవిని లోపలికి పంపితే ఆ ఎలుకలు తట్టుకోలేకపోయాయి. వాటికి పెట్టిన మేతలో కేలరీలకు లోటు లేదు. పోషక పట్టిక ప్రకారం అవి బాగానే తిన్నాయి.

ఈ వాదన ఎంత లోతైనదో తెలియాలంటే తల్లిపాలను చూడాలి. తల్లిపాలలోని ఘనపదార్థాల్లో లాక్టోజు, కొవ్వుల తరువాత మూడో స్థానం ఒలిగోశాకరైడ్లు అనే సంక్లిష్ట చక్కెరలది. లీటరుకు 5 నుంచి 15 గ్రాముల దాకా ఉంటాయి. బిడ్డ వీటిని జీర్ణం చేసుకోలేదు. అవి చిన్నపేగును దాటుకుని దాదాపు చెక్కుచెదరకుండా పెద్దపేగుకు చేరతాయి. అక్కడ వాటి కోసం కాచుకుని ఉండేది బైఫిడోబ్యాక్టీరియం ఇన్ఫాంటిస్. ఈ చక్కెరలను లోనికి లాక్కుని విడగొట్టడానికి కావలసిన జన్యువుల సముదాయమే దానికి ఉంది. బిడ్డ పేగులో అది స్థిరపడితే ఆమ్లత పెరిగి, హానికరమైన జాతులకు చోటు దొరకదు. ఒక్క క్షణం ఆలోచించండి: బాలింత తన ఒంట్లోని శక్తిని ఖర్చుచేసి తయారుచేసే పాలలో, బిడ్డకు అరగని పదార్థానికి మూడో స్థానం దక్కింది. వృథాను సహించని పరిణామక్రమం ఈ ఖర్చును ఇన్ని వేల తరాలుగా భరించిందంటే, బిడ్డతో పాటు బిడ్డ పేగులోని బ్యాక్టీరియాకు కూడా అన్నం పెట్టడం ఆ పాల పని అని అర్థం. మనకు తెలిసిన అత్యుత్తమ ఆహారం ఇద్దరు భోక్తలను దృష్టిలో పెట్టుకుని తయారైంది. మనం రాసుకున్న పోషకాహార ప్రమాణాలు మాత్రం ఒక్కరినే చూస్తున్నాయి.

ఈ తేడా ఎంత ఖరీదైనదో చెప్పే అధ్యయనం ఢాకాలోని మీర్పూర్ మురికివాడలో జరిగింది. తీవ్రమైన పోషకాహార లోపంతో ఉన్న పిల్లల్లో బ్యాక్టీరియా సముదాయం వయసుకు తగ్గట్టు ఎదగకుండా ఉండిపోతుందని, మామూలు చికిత్సా ఆహారంతో అది పూర్తిగా కోలుకోదని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ గోర్డన్, ఢాకా పరిశోధకుడు తహ్మీద్ అహ్మద్ బృందాలు 2014లోనే చూపాయి. ఆ తరువాత వారు ఎదుగుదలకు తోడ్పడే జాతులను ఏ ఆహారం పోషిస్తుందో వెతికి, శనగ, సోయా, వేరుశనగ పిండ్లు, పచ్చి అరటికాయ కలిపి ఒక మిశ్రమాన్ని రూపొందించారు. మధ్యస్థ స్థాయి పోషకాహార లోపం ఉన్న 12 నుంచి 18 నెలల పిల్లల్లో కొందరికి దాన్ని, మిగతావారికి అప్పటికే వాడుకలో ఉన్న తరహా అనుబంధ ఆహారాన్ని మూడు నెలలు పెట్టారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, కేలరీలు తక్కువగా ఉన్న కొత్త మిశ్రమం తిన్న పిల్లలే ఎత్తుకు తగ్గ బరువు వేగంగా పెరిగారు. ఎముకల ఎదుగుదలకు, నాడీ వికాసానికి సంబంధించిన ప్రోటీన్లు వారి రక్తంలో పెరిగాయి. తక్కువ కేలరీలతో ఎక్కువ ఎదుగుదల ఎలా సాధ్యమో ఆ పట్టిక వివరించలేదు. ఎందుకంటే ఆ ఎదుగుదలకు దోహదం చేసినవి పట్టికలో లేని జీవులు.

అవతలి దిశలో కూడా ఇదే కనిపిస్తోంది. ఫ్లోరిడాలో పదిహేడు మందిపై జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, కేలరీలు, ప్రోటీన్, కొవ్వు, పిండిపదార్థాల నిష్పత్తి ఒకేలా ఉంచి, ఒక ఆహారాన్ని అతిగా శుద్ధి చేసిన పదార్థాలతోనూ, మరొకదాన్ని పెద్దపేగు బ్యాక్టీరియాకు బాగా అందేలా పీచు, ముడి గింజలతోనూ వండి పెట్టారు. రెండోది తిన్నప్పుడు వారి ఒంటికి పట్టిన శక్తి సగటున రోజుకు 116 కేలరీలు తగ్గింది. ఆకలి పెరగలేదు. అమెరికా శాస్త్రవేత్త విల్బర్ అట్‌వాటర్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో స్థిరపరచిన సూత్రం, అంటే ప్రోటీన్, కొవ్వు, పిండిపదార్థాలకు వరుసగా గ్రాముకు 4, 9, 4 కేలరీలన్న లెక్క, ఆనాటికి గొప్ప పని, విసర్జనలో పోయే నష్టాన్ని కూడా ఆయన సగటున తీసివేశారు. కానీ ఆ సగటు అందరికీ, అన్ని రకాల ఆహారాలకూ ఒకటేనన్న నమ్మకం ఈ రోజు నిలవదు. నిజానికి పట్టికలో బ్యాక్టీరియా పని ఇప్పటికే దొంగచాటుగా చేరింది: యూరప్ నిబంధనల్లో పీచుకు గ్రాముకు 2 కేలరీలు వేస్తారు. ఆ శక్తి బ్యాక్టీరియా పులియబెడితేనే మనకు అందుతుంది. దాని కష్టాన్ని లెక్కలో కలుపుకుంటూ, దాని ఉనికిని ఒప్పుకోకపోవడం ఎక్కడి న్యాయం?

ఇదంతా అతిశయోక్తి అనే వారున్నారు. వారి మాటలో కొంత నిజముంది. ఎలుకల్లో కనిపించిన ప్రతిదీ మనుషుల్లో నిలవలేదు. ఫలానా రెండు వర్గాల బ్యాక్టీరియా నిష్పత్తే ఊబకాయానికి గుర్తు అన్న తొలినాటి వాదన ఎక్కువమందిపై జరిగిన పరిశీలనల్లో వీగిపోయింది. అయితే ఢాకా పిల్లలు ఎలుకలు కారు. క్లాస్ట్రిడియం డిఫిసీల్ అనే బ్యాక్టీరియా వల్ల పదే పదే తిరగబెట్టే విరేచనాలకు ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవులను ఎక్కిస్తే, 2013 నాటి నెదర్లాండ్స్ ప్రయోగంలో మొదటి విడతలోనే 16 మందిలో 13 మంది కోలుకున్నారు. శక్తిమంతమైన యాంటీబయాటిక్ వాంకోమైసిన్ మాత్రమే తీసుకున్న 13 మందిలో కోలుకున్నది నలుగురే.

అసలు లోపం పోషక పట్టికతో మొదలై అక్కడితో ఆగడం లేదు. మన నియంత్రణ వ్యవస్థ మొత్తం మానవ కణాన్నే ప్రమాణంగా పెట్టుకుంది. ఒక మందు, ఒక ఆహార సంకలితం మన కణాలకు హాని చేయదని తేలితే, ఒంట్లోకి ఎక్కకుండా బయటికి పోతుందని తేలితే, దానికి అనుమతి దొరుకుతుంది. ఒంట్లోకి ఎక్కకుండా పోయే పదార్థం దారిలో ఎవరిని కలుస్తుందన్న ప్రశ్నను మాత్రం సాధారణంగా అడగరు. హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా మందులను 40 పేగు బ్యాక్టీరియా రకాలపై పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. బ్యాక్టీరియాను చంపడం కోసం కాక, మన కణాల మీద పనిచేయడానికి తయారైన మందుల్లో సైతం 24 శాతం కనీసం ఒక రకం పెరుగుదలను అడ్డుకున్నాయి. ప్రాసెస్ చేసిన ఆహారాలను చిక్కబరచే కార్బాక్సీమిథైల్ సెల్యులోజును దశాబ్దాలుగా నిరపాయకరమన్నారు. 2022లో ఆరోగ్యవంతులైన కొద్దిమందికి పదకొండు రోజులు అధిక మోతాదులో ఇచ్చి చూస్తే, బ్యాక్టీరియా వైవిధ్యం, అది తయారుచేసే కొవ్వు ఆమ్లాలు తగ్గాయి. ఇలాంటి పరీక్ష అనుమతికి ముందు జరగవలసింది. ఇప్పుడది ఆసక్తి ఉన్న పరిశోధకుల చొరవకు వదిలేసిన పని.

ఈ ఖాళీలోకి వ్యాపారం చొరబడింది. ప్రోబయోటిక్స్ పేరుతో సీసాల్లో, గుళికల్లో బ్యాక్టీరియాను అమ్ముతూ, కొనుక్కుని మింగితే పేగు బాగుపడుతుందని నమ్మిస్తున్నారు. యాంటీబయాటిక్స్ వాడిన తరువాత తీసుకున్న ప్రోబయోటిక్స్, సొంత బ్యాక్టీరియా తిరిగి నిలదొక్కుకోవడాన్ని ఆలస్యం చేశాయని 2018లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చూపారు. ఉన్న జీవులకు తిండి పెట్టకుండా కొత్తవాటిని తెచ్చిపోయడం, ఎండిన చేలో నీరు పెట్టకుండా విత్తనాలు చల్లడమే. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల సహజమైన పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. శుద్ధి చేసిన పిండి, నూనె, చక్కెరలతో నిండిన ఆహారం ఆ మేరకు పీచును ఇవ్వలేదు. అలాంటి ఆహారమే చౌకగా, తేలిగ్గా దొరికేటట్టు చేసి, లావెక్కిన మనిషికి నాలుక మీద అదుపు లేదని నిందించడం అన్యాయం.

కాబట్టి చేయవలసిన పనులు అస్పష్టంగా ఏమీ లేవు. పీచును ఒకే గడిలో చూపడం మాని, అందులో బ్యాక్టీరియా పులియబెట్టగలిగేది ఎంతో విడిగా చూపించాలి. కొత్త సంకలితాలను, ఒంట్లోకి ఎక్కనివాటితో సహా, పెద్దపేగు పరిస్థితులను అనుకరించే ప్రయోగశాల పాత్రల్లో పరీక్షించిన తరువాతే అనుమతించాలి. అటువంటి ఏర్పాట్లు పరిశోధనశాలల్లో చాలాకాలంగా ఉన్నాయి. అన్నిటికంటే ముందు, పోషకాహార లోపం ఉన్న పిల్లలకిచ్చే చికిత్సా ఆహారం ప్రమాణాలను సవరించాలి. ప్రోటీన్ ఎంత, కొవ్వు ఎంత, ఏ విటమిన్ ఎంత ఉండాలో మిల్లీగ్రాముల దాకా చెప్పే ఆ పత్రాల్లో బిడ్డ పేగులోని బ్యాక్టీరియాకు ఏమి అందాలన్న వరుస కూడా చేరాలి. ఢాకా మిశ్రమంలో వాడిన శనగ, సోయా, వేరుశనగ, అరటి విరివిగా పండే పంటలే. వాటిని కొనడానికి అడ్డుపడుతున్నది ధర కాదు, ఆ వరుస లేకపోవడమే.