అమరావతి శిల్పాలను బ్రిటిష్ వాళ్ళు ‘కాపాడారు’ అనే మాట ఎంతవరకు నిజం?

మళ్ళీ అదే మెసేజ్. ఈసారి మా గుంటూరు చుట్టాల గ్రూపులో బాబాయి పెట్టాడు. “అమరావతి శిల్పాల్ని తెల్లవాళ్ళు లండన్ పట్టుకెళ్ళబట్టి బతికాయి, ఇక్కడుంటే సున్నం చేసేవాళ్ళు, ఇప్పుడు తిరిగి తెచ్చినా దొంగల పాలే, అక్కడైతే ప్రపంచమంతా చూస్తుంది” అని. బాబాయి మీద కోపం లేదు గానీ, ఇందులో సగం నిజం ఉంది కాబట్టే మిగతా సగం కూడా జనం నమ్మేస్తున్నారు.

సున్నం మాట నిజమే. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి అమరావతికి రాజధాని మార్చినప్పుడు ఇళ్ళకీ కట్టడాలకీ రాళ్ళ కోసం దీపాలదిన్నెని, అంటే అమరావతి బౌద్ధ స్తూపం పూడిపోయి ఉన్న దిబ్బని, తవ్వించారు. ఈ శిల్పాలకి బ్రిటిష్ వాళ్ళు మార్బుల్స్ (పాలరాళ్ళు) అని పేరు పెట్టారు గానీ అది మన పల్నాటి సున్నపురాయి, బట్టీలో వేస్తే సున్నమే అవుతుంది, అలా పోయినవి పోయాయి.

మరి ఆ తర్వాత? 1816లో బ్రిటిష్ సర్వే అధికారి మెకంజీ రెండోసారి వచ్చి ఆ శిల్పాల బొమ్మలు గీయించాడు, ఆ పనికి నేనూ దణ్ణం పెడతాను. కానీ మచిలీపట్నం చేరిన పలకల్ని అక్కడి ఇంగ్లీషు అధికారి బజారు కూడలిలో అలంకారంగా నిలబెట్టించాడు. 1845లో ఇంకో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వి మద్రాసు పంపినవి ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకీ వానకీ పడున్నాయి. 1859లో ఓడెక్కించాక లండన్‌లో కొన్నిటిని బయటి గోడకి బిగించారు, అక్కడి వాతావరణానికి అవి దెబ్బతిన్నాయి, మిగతావి బగ్గీల షెడ్డులో మూలన పడుంటే 1860లలో వాస్తు చరిత్రకారుడు ఫెర్గూసన్ కంటబడ్డాయి. బ్రిటిష్ మ్యూజియంకి చేరింది 1880లో.

అదే 1880లో ఇక్కడ ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. మద్రాసు గవర్నరు, బకింగ్‌హామ్ డ్యూక్, దిన్నె మొత్తం తవ్వి శుభ్రం చేయించాడు. ఆ తర్వాత వచ్చిన పురావస్తు అధికారి బర్జెస్‌కి కనిపించింది పెద్ద గొయ్యి. స్తూపం అంటే చెక్కిన రాళ్ళ కుప్ప కాదు కదా, ప్రదక్షిణ చేస్తూ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోయేది. ఏ పలక ఎక్కడుండేదో తెలిసే ఆధారం చాలావరకు ఆ గోతిలోనే పోయింది, దాన్ని ఏ మ్యూజియమూ తిరిగి ఇవ్వలేదు.

ఇక దొంగల సంగతి. ప్రకాశం జిల్లా చందవరం నుంచి బుద్ధుణ్ణి కొలిచే భక్తుల శిల్పం దొంగతనమైంది, అది మన తప్పే. కానీ దాన్ని 2005లో న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొన్నది ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ, 2016లో వెనక్కి ఇచ్చింది. కొనేవాడు లేకపోతే దొంగకి ఆ రాయితో ఏం పని? బ్రిటిష్ మ్యూజియంలోనే సుమారు 2,000 వస్తువులు పోవడమో పాడవడమో జరిగిందని 2023లో బయటపడి డైరెక్టరు రాజీనామా చేశాడు. మనవాళ్ళేమో నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందే నాగార్జునకొండ లోయలో ఏళ్ళ తరబడి తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాల్ని కొండ మీదికి చేర్చి, అక్కడే మ్యూజియం కట్టారు.

ప్రపంచమంతా చూస్తుందట. బ్రిటిష్ మ్యూజియంకి టికెట్ లేదు, నిజమే, వీసా మాత్రం కావాలి. మా అమ్మాయిని బస్సులో అమరావతి తీసుకెళ్తే “అమ్మా, స్తూపం ఏది?” అని అడిగింది. ఎదురుగానే ఉంది, కానీ మిగిలింది పునాది. పక్కన మ్యూజియంలో ఉన్నవి చూపించి, మిగతావి చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్‌లో ఉన్నాయని చెప్పాను. చెన్నై అయితే రాత్రి రైలెక్కి పొద్దున్నే చూపించగలను. (అక్కడివి కూడా అడగాలనేది నా అభిప్రాయం, అది వేరే చర్చ.)

చివరికి, “తిరిగి ఇచ్చేయడానికి వాళ్ళ చట్టం ఒప్పుకోదు” అంటారు. 1963లో వాళ్ళ పార్లమెంటు చేసిన చట్టం, వాళ్ళే మార్చుకోవచ్చు. అంతదాకా ఆగక్కర్లేదు కూడా, అరువుగా ఇవ్వడానికి అదే చట్టంలో వీలుంది. అక్కడున్న 120కి పైగా శిల్పాల్లో నాలుగైనా ఆరు నెలలు అమరావతిలో ఉంచమని మనం అడగొచ్చు.