ఉయ్యాలకి మొగుడెందుకు?

పోయినేడు అట్లతద్దికి ఇక్కడ న్యూజెర్సీలో మా తెలుగు సంఘం పంపిన కార్డులో 'ముత్తైదువులందరికీ ఆహ్వానం' అని ఉంది. రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు. అంతకు ముందు చాలా ఏళ్లు ఆ కార్డు రాసింది నేనే, అదే మాటతో. మూడేళ్ల కిందట మావారు పోయాక గాని ఆ మాట నా కంటికి ఆనలేదు.

మాది కోనసీమ. అమలాపురానికి దగ్గర్లో, కాలవ గట్టున ఉన్న ఊరు. ఆశ్వయుజ పున్నమి వెళ్లిన మూడో నాడు తద్ది. ముందు రోజు సాయంత్రమే గోరింటాకు రుబ్బి అరచేతిలో చందమామ, వేళ్లకి టోపీలు పెట్టేవారు. కదలకుండా పడుకోమంటే మాతో పాటు దుప్పట్లు కూడా ఎర్రగా పండేవి. తెల్లవారుజామున మూడున్నరకి మామ్మ లేపేది. నిద్రకళ్లతోనే వేడన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయల పులుసు, గడ్డపెరుగు. ఉట్టికింద ముద్ద అంటారు దాన్ని. మిగతా రోజుల్లో పొద్దున్నే పాలు తాగమన్నా మారాం చేసే నేను ఆ ఒక్కరోజు అడిగి మరీ మారు వడ్డించుకునేదాన్ని. తిన్నాక తాంబూలం. పిల్లలకి ఆకూ వక్కా దొరికేది ఆ రోజే. నోళ్లు ఎర్రగా చేసుకుని, 'అట్లతద్దోయ్' అని కేకలేస్తూ, తలుపులు కొట్టి తోటి పిల్లల్ని బయటికి లాగేవాళ్లం. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు. అంత చీకట్లో దాక్కుంటే ఎవరు దొరుకుతారు గనక, ఆ ఆట ఏనాడూ తేలలేదు. చివరికి చింతచెట్టు కొమ్మకి కొబ్బరి మోకుతో కట్టిన ఉయ్యాల.

మామ్మకి ముప్పై నిండకుండానే తాతయ్య పోయాడట. తద్దినాడు అందరికన్నా ముందు లేచేదీ, వంటంతా చేసేదీ ఆవిడే. సాయంత్రం వాయనాలిచ్చే చోటికి వచ్చేది కాదు. పొద్దున్న ఉయ్యాలా ఎక్కేది కాదు. కాని మేం ఎక్కేముందు మోకు రెండు చేతులా పట్టుకుని, బరువంతా వేసి లాగి చూసేది మాత్రం ఆవిడే. నూతిలోంచి నీళ్లు తోడీ తోడీ గట్టిపడ్డ చేతులు. "ఊఁ, ఎక్కండి" అనేది. మామ్మా, నువ్వూ ఎక్కు అని మాలో ఒక్కరమైనా అన్నట్టు నాకు గుర్తు లేదు.

ఇక న్యూజెర్సీ సంగతి. మావారు పోయాక మా అబ్బాయి నన్ను లైబ్రరీలో ఒక గ్రూపులో చేర్పించాడు. అయినవాళ్లు పోయినవాళ్లంతా కూర్చుని మాట్లాడుకుంటారు. మంచి మనుషులు. ఎలా ఉందని అడిగేవారు. 'బెంగ'కి నాకు ఇంగ్లీషులో మాట దొరికేది కాదు. డిప్రెషన్ అంటే పెద్ద జబ్బులా ఉంటుంది. శాడ్ అంటే ఐస్‌క్రీమ్ కింద పడేసుకున్న పిల్లాడు గుర్తొస్తాడు. అయామ్ ఓకే అని కూర్చునేదాన్ని.

పోయినేడు ఆ కార్డు వచ్చిన వారానికి ఎదురింటి అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, పార్కులు తెల్లారితే గాని తెరవరు కదా, అందుకని మా పెరట్లోనే ఆడుకుంటున్నాం. ఐదింటికి వచ్చేయండి" అంది.

"నేనెందుకమ్మా" అన్నాను.

కాసేపు అటు మాట లేదు. "ఏం ఆంటీ, మీకు ఉయ్యాల ఊగడం రాదా?" అంది.

గోంగూర పచ్చడి సీసా పట్టుకుని వెళ్లాను. తొమ్మిదిమందిమి. అందులో ఒకమ్మాయికి విడాకులయ్యాయి, ఒకామె పెళ్లే చేసుకోలేదు, ఏలూరు నుంచి కోడలి పురిటికొచ్చిన ఒక పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు. చీరల మీద జాకెట్లు, కాళ్లకి సాక్సులు. హాలోవీన్ నెల కదా, పక్కింటి వాకిట్లో చెట్టుకి వేలాడే అస్థిపంజరం మా వంకే చూస్తోంది. కోనసీమలో ఆరు లోపే తెల్లారిపోయేది. ఇక్కడ అక్టోబరులో ఏడు దాటితే గాని సూర్యుడు రాడు. ఆడుకోడానికి గంట ఎక్కువే దొరికింది. ఒప్పులకుప్ప తిరుగుతూ ఏలూరు వదినగారూ నేనూ తడిగడ్డిలో కూలబడ్డాం. పక్కింట్లో లైటు వెలిగింది. దొంగల్లా నోళ్లు మూసుకున్నాం. అంతే, నవ్వు ఇంకా ఆగలేదు.

పిల్లలు పెద్దయి వదిలేసిన ఉయ్యాల ఉంది అక్కడ. వెనక నుంచి ఎవరో ఊపారు. పాదాలు నేల విడిచాయి.

గుండె బరువంతా దిగిపోయిందని చెప్పను. ఇంటికొచ్చి అలవాటు కొద్దీ రెండు కప్పుల కాఫీ కలిపి, ఒకటి సింకులో ఒంపాను. కాని ఆ కాఫీ తాగి కూడా పడుకున్న దాన్ని పగలు పదకొండింటి దాకా లేవలేదు. మావారు పోయాక అంత నిద్ర పట్టింది అప్పుడే.

అట్లతద్ది నోము మగడి ఆయుష్షు కోసం కదా, మరి మీకెందుకని అడగొచ్చు. అడిగారు కూడా, మర్యాదగానే. సాయంత్రం సంగతి వేరు. గౌరీపూజ, పదకొండు ముడుల తోరం, పదకొండేసి అట్ల వాయనం, చంద్రుణ్ని చూశాక భోజనం. నోము పట్టినవాళ్లు వాళ్ల ఇంటి ఆనవాయితీ ప్రకారం చేసుకుంటారు, అందులో నేను తలదూర్చను. (అట్టు ఎవరు తిన్నా అట్టే అని నా అభిప్రాయం, అది పక్కన పెడదాం.) నేనడిగేది పొద్దున్న గురించి. మంచి మొగుడొస్తాడని పెద్దవాళ్లు అనేవారు గాని, ఎనిమిదేళ్లప్పుడు మాకు మొగుడెవడు? మేం ఊగింది ఉయ్యాల కోసం.

గోదావరి వాళ్లమని మాకు కాస్త గొప్ప. సభ పెడితే కందుకూరి వీరేశలింగం పేరు రాకుండా ముగియదు. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం 1856లో వచ్చింది. పాతికేళ్లు గడిచాక, 1881 డిసెంబర్ 11న, రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించగలిగాడు. ఆయన్నీ, ఆయన పక్కన నిలబడ్డవాళ్లనీ ఊరు వెలేసింది. మన సావనీర్లో ఆయన ఫొటో వేసుకుంటాం, వేసుకోవాలి కూడా. నాలుగు పేజీలు తిప్పితే 'ముత్తైదువులందరికీ' అని మన కార్డే కనిపిస్తుంది. ఆ ఫొటో వేసిందీ, ఈ కార్డు రాసిందీ ఒకప్పుడు నేనే. అప్పట్లో ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

ఈ ఏడు కార్డు మళ్లీ నన్నే రాయమన్నారు. 'ఆడవాళ్లందరికీ' అని రాసిచ్చాను. కమిటీలో ఇద్దరు సరే అన్నారు. ఒకావిడ ఆలోచించి చెప్తానంది. ఆవిడ ఇది చదువుతుందని తెలుసు. అక్కయ్యా, రెండు కార్డులు వేద్దాం. సాయంత్రానిది మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి, పొద్దుటిది నాకు వదిలేయండి. గోంగూర పచ్చడి ఈసారీ నాదే. ఉల్లిపాయల పులుసు ఎవరైనా పెడితే బాగుండు, నాది మామ్మ చేసినట్టు కుదరదు. ఎక్కేముందు ఉయ్యాల గొలుసులు ఎవరో ఒకరు గట్టిగా లాగి చూడాలి కదా, అది నేను చూస్తాను. చూసి, మొదట నేనే ఎక్కుతాను.